సిమిలిగుడ చలికి కొత్తవాళ్ళం: పిండి పొంగదు, సాయంత్రం నిలవదు

కావలి టీచరమ్మ
నవంబరు 27, మధ్యాహ్నం

నమస్కారం. కావలిలో ముప్పై ఏళ్ళు పిల్లలకు తెలుగు చెప్పి రిటైరయిన మనిషిని. మా అబ్బాయికి దామన్‌జోడిలో ఉద్యోగం, ఇల్లేమో సిమిలిగుడలో, రెండూ ఒడిశా కొరాపుట్ కొండల్లోని ఊళ్ళే. మనవడికి మూడో ఏడు నడుస్తోంది. కోడలు కూడా ఉద్యోగానికి వెళ్తుంది కాబట్టి నేనూ మావారూ జూలైలో కావలి ఇంటికి తాళం పెట్టి ఇక్కడికి వచ్చేశాం.

వచ్చినప్పుడు వాన. ఆగస్టంతా వాన. దసరా ముందర ఆగింది. చేలల్లో వలిసెలు పూశాయి. కొండవాలు మీద పసుపు ఆరబోసినట్టు ఉంటే ఫొటోలు తీసి మా అక్కచెల్లెళ్ళ గ్రూపులో పెట్టి, 'మీరంతా అక్కడ ఉక్కలో ఉడకండి' అని గొప్పలు కూడా పోయాను. ఆ గొప్పలకు ఇప్పుడు వడ్డీతో సహా కడుతున్నాను.

మా వైపు కార్తీకమంటే వానలే. అక్టోబరు, నవంబరు వచ్చాయంటే బంగాళాఖాతంలో వాయుగుండం, బడికి సెలవు, దండెం మీద మూడు రోజులైనా ఆరని బట్టలు. వాకిట్లో దీపం పెట్టి దానికి చెయ్యి అడ్డం పెట్టుకోవాలి. ఇక్కడ అదే కార్తీకంలో ఆకాశంలో మబ్బు తునక లేదు. పగలు కళ్ళు చెదిరే ఎండ, నీడలోకి వస్తే వణుకు. ఏ కాలంలో ఉందో నా ఒంటికే తెలియడం లేదు.

దీపావళి మర్నాడు పక్కింటి ఒడియా ఆవిడ గోడ మీంచి 'సీతొ ఆసిలా' అంది. సీత అని ఎవరో చుట్టం వచ్చింది కాబోలనుకుని, నాకొచ్చిన నాలుగు ముక్కల ఒడియాలో 'ఎన్నాళ్ళుంటుంది?' అని అడిగాను. 'మాఘం దాకా' అంది. వాళ్ళు శీతాన్ని అలా పలుకుతారని కోడలు చెప్పాక తెలిసింది. తెలుగు టీచరుకి శీతం అర్థం కాలేదని మావారు ఇప్పటికీ ఆట పట్టిస్తున్నారు.

ఇక నా కష్టాలు. రాత్రి ఏడింటికి రుబ్బిన దోసెపిండి పొద్దున ఆరింటికి పెట్టింది పెట్టినట్టే ఉంటుంది. తోడు వేసిన పాలు తెల్లారి పాలుగానే పలకరిస్తాయి. కావలి నుంచి పట్టుబట్టి తెచ్చుకున్న నవారు మంచం ఒకటుంది. ఎండాకాలం దాన్ని మించిన సుఖం లేదు. ఇక్కడ దాని మీద రెండు రగ్గులు కప్పుకున్నా నడుం కింద ఐసు పెట్టినట్టే ఉంటోంది. మావారు మోకాళ్ళు పట్టుకుని లేస్తున్నారు. పైగా బీపీ మనిషి. కార్తీకం కదా అని తెల్లవారుజామున చన్నీళ్ళ స్నానం మానరు.

అన్నిటికన్నా నాకు కష్టంగా ఉన్నది సాయంత్రం. కావలిలో టీ తాగి, మల్లెచెట్టుకి నీళ్ళు పోసి, వీధి అరుగు మీద కూర్చుంటే ఇంకా వెలుగుండేది. ఇక్కడ టీ గ్లాసు కడిగేసరికే చీకటి. అబ్బాయి, కోడలు వచ్చేది ఏడున్నరకి. ఆ రెండు గంటలూ తలుపులు బిగించుకుని, పిల్లాడికి బొమ్మలు చూపిస్తూ, ఎవరితో మాట్లాడాలో తెలియక కూర్చుంటున్నాం.

పది రోజులుగా రాత్రి పడకగదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుంటున్నాం. కిటికీ సందుల్లో పాత చీర ముక్కలు కుక్కాను. గది వెచ్చగానే ఉంటోంది కానీ ఈ చలి తలకెక్కినట్టుంది, లేచేసరికి ఇద్దరికీ ఒకటే తలనొప్పి. ఆయనకు వికారం కూడా. బయట ఎండలో అరగంట కూర్చుంటే తగ్గిపోతుంది. దీనికి శొంఠి కషాయం పనిచేస్తుందా?

డిసెంబరు 18కి కావలికి టికెట్లు చేయించాను. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు కదా, అప్పుడు వద్దామని. అబ్బాయికి ఇంకా చెప్పలేదు. ఇక్కడ ఏళ్ళ తరబడి ఉన్న తెలుగువాళ్ళు మొదటి చలికాలం ఎలా గడిపారో చెప్పండి.


సాలూరు లారీ
నవంబరు 27, సాయంత్రం

టీచరమ్మగారూ, దండాలు. సాలూరు నుంచి పొట్టంగి ఘాటీ ఎక్కి కొరాపుట్, జయపురం మీదుగా రాయపూర్ దాకా లారీ తోలుతాను, ఇరవై రెండేళ్ళ నుంచి. సాలూర్లో చొక్కాతో ఎక్కుతాం, పొట్టంగి వచ్చేసరికి స్వెట్టరు తగిలించాలి.

మీ మంచం సంగతి నాకు తెలుసు. మా క్యాబిన్లో సీటు కింద నుంచి గాలి తన్నుతుంది. మీదెన్ని కప్పుకున్నా లాభం లేదు, చలి కింద నుంచే వస్తుంది. నవారు మీద ముందు రెండు గోనెసంచులు పరచండి, దాని మీద బొంత, దాని మీద దుప్పటి. కప్పుకునేవాటిలో ఒక రగ్గు తీసి కిందేసినా తేడా తెలుస్తుంది. పడుకునేముందు సారుకి మేజోళ్ళు తొడగండి. మంకీ క్యాప్ పెట్టుకుంటే దొంగలా ఉంటానని సిగ్గుపడేరు, మా రోడ్డు మీద డిసెంబర్లో అందరం దొంగలమే.

కుంపటి మంచిదే. మేమూ ఘాటీలో ఆగినచోటల్లా మంటేసుకుంటాం.


జయపురం సిస్టర్
నవంబరు 27, రాత్రి

అమ్మా, ముందు ఆ కుంపటి ఇవాళ రాత్రికే గది బయట పెట్టండి. మిగతాది తర్వాత చదవండి.

మీకు వస్తున్నది చలి తలనొప్పి కాదు. మూసిన గదిలో బొగ్గులు రాజుకుంటుంటే కార్బన్ మోనాక్సైడ్ అనే గ్యాస్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. పొగ లేదు కాబట్టి ప్రమాదం లేదనుకుంటారు. రక్తంలో ఆక్సిజన్‌ని పట్టుకోవాల్సిన హిమోగ్లోబిన్ ఈ గ్యాస్‌ని రెండు వందల రెట్లకు మించిన గట్టిదనంతో పట్టుకుంటుంది. ముందు తలనొప్పి, తర్వాత వికారం, తల తిరుగుడు, మగత. నిద్రలో ఉన్నవాళ్ళకు ఆ మగత తెలియదు, అలాగే పోతారు. ఒకే గదిలో ఇద్దరికీ ఒకేలా రావడం, బయట గాలిలో కూర్చుంటే తగ్గడం, ఈ రెండూ మీరే రాశారు. నేను ఊహించాల్సిన పని లేకుండా చెప్పారు. మనవడు మీ గదిలో పడుకోవడం లేదు కదా?

లారీ అన్నయ్యా, మీరు మంట వేసేది ఆరుబయట. ఇక్కడ కిటికీలకు చీరలు కుక్కిన గది. కుంపటి మంచిదే అని దయచేసి రాయకండి.

రేపు ఇద్దరూ డాక్టరు దగ్గరకు వెళ్ళండి, కుంపటి మాట తప్పకుండా చెప్పండి. చెప్పకపోతే జలుబు మాత్రలిచ్చి పంపేస్తారు. బాత్‌రూంలో గ్యాస్ గీజర్ ఉంటే దానికీ ఇదే భయం, గాలి పోయే దారి లేకపోతే వాడకండి. నీళ్ళలో పెట్టే కాయిల్ రాడ్ అయితే స్విచ్ ఆపి, ప్లగ్ పీకాకే బకెట్‌లో చెయ్యి పెట్టండి.

బాబాయిగారి చన్నీళ్ళ స్నానం సంగతి. చలికి రక్తనాళాలు ముడుచుకుంటాయి, బీపీ పెరుగుతుంది. పొద్దెక్కాక గోరువెచ్చటి నీళ్ళతో చేయమనండి. ఈ నెలలో బీపీ ఒకటికి రెండుసార్లు చూపించండి, మాత్ర మోతాదు డాక్టరే చూసుకుంటారు.

ఇంకొకటి. చలి వచ్చింది, దోమలు పోయాయని దోమతెర మడిచి పెట్టేస్తారు. ఈ దక్షిణ ఒడిశా జిల్లాల్లో వానలు వెళ్ళాక కూడా మలేరియా కేసులు వస్తూనే ఉంటాయి. వణుకుతో జ్వరం వస్తే చలి జ్వరమనుకోకుండా వెంటనే రక్తపరీక్ష చేయించండి.


కావలి టీచరమ్మ
నవంబరు 27, రాత్రి 10:40

తల్లీ, నీ జవాబు చదువుతుంటేనే చెయ్యి వణికింది. కుంపటి వరండాలో పెట్టించాను. కిటికీల్లో చీర ముక్కలన్నీ లాగేశాను. పిల్లాడు వాళ్ళమ్మ దగ్గరే పడుకుంటాడు. మొన్న శనివారం మాత్రం మా దగ్గర పడుకుంటానని మారాం చేశాడు. ముక్కు కారుతోందని నేనే వద్దన్నాను. ఇప్పుడు ఆ ముక్కుకి దండం పెట్టుకుంటున్నాను. అబ్బాయికి అంతా చెప్పేశాం. రేపు ఆస్పత్రి.


సాలూరు లారీ
నవంబరు 28

సిస్టరమ్మ చెప్పింది నిజమే. నేను ఆలోచించకుండా రాశాను. మా క్లీనర్లు కూడా చలికి అద్దాలన్నీ ఎత్తేసి క్యాబిన్లో నిప్పులు పెట్టుకుంటారు. ఇవాళే ఇద్దరికి చెప్పాను.


సునాబెడ పెద్దాయన
నవంబరు 28

అమ్మా, కుంపటి సంగతి తేలిపోయింది కాబట్టి మీ సాయంత్రం గురించి రాస్తాను. అది మనసుకు పట్టిన గుబులే కాదు, దానికి లెక్క ఉంది.

మన దేశం గడియారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని బట్టి నడుస్తుంది. ఆ గీత కొరాపుట్‌కు కాస్త పడమరగా పోతుంది. మీ కావలి ఉన్నది దాదాపు 80 డిగ్రీల మీద. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున ఇక్కడ పొద్దు సుమారు పదకొండు నిమిషాలు ముందు పోతుంది. ఉత్తరానికి జరిగినందుకు చలికాలం పగలు పొట్టిదై ఇంకో ఆరేడు నిమిషాలు పోతాయి. ఇవాళ కావలిలో 5:38 ప్రాంతంలో అస్తమిస్తే ఇక్కడ 5:20. పడమట కొండ అడ్డం ఉంటే ఇంకా ముందే. మీ టీ గ్లాసు అబద్ధమాడలేదు.

మంచి కబురు కూడా ఉంది. డిసెంబరు 21న పగలు అన్నిటికన్నా చిన్నది కాబట్టి అప్పటిదాకా సాయంత్రాలు కుదించుకుపోతూనే ఉంటాయని అందరూ అనుకుంటారు. అలా కాదు. మన దగ్గర అన్నిటికన్నా ముందు పొద్దుగూకేది నవంబరు ఆఖరి వారంలోనే. అంటే మీరు ఈ ఉత్తరం రాసిన రోజులే అట్టడుగు. డిసెంబరు రెండో వారం నుంచి సాయంత్రం నెమ్మదిగా వెనక్కి వస్తుంది. సంక్రాంతికి ఇక్కడ 5:40 దాకా సూర్యుడుంటాడు, ఇప్పుడు కావలిలో ఉన్నంత. పోయేది పొద్దున పూట. జనవరిలో ఆరున్నర దాటితే గానీ పొద్దు పొడవదు. పుష్యమాసంలో పూస గుచ్చేంత పొద్దుండదని ఊరికే అనలేదు.

చలి విషయం. మనం సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉన్నాం. ఆ ఎత్తుకే ఐదారు డిగ్రీలు తగ్గుతాయి. మీ ఇల్లు పల్లంలో, వరిమళ్ళ పక్కన ఉందా? మబ్బు లేని రాత్రి నేల వేడంతా ఆకాశంలోకి పోతుంది. చల్లబడిన గాలి బరువెక్కి నీళ్ళలాగే పల్లానికి జారి నిలుస్తుంది. పొద్దున మంచు తెర పల్లంలోనే కనబడుతుంది చూడండి. అదే సిమిలిగుడలో కాస్త మెరక మీద ఇల్లు దొరికితే రాత్రిళ్ళు తేలిగ్గా ఉంటాయి. ఈ ఎత్తులో నీళ్ళు 97 డిగ్రీలకే మరుగుతాయి కాబట్టి విడిగా ఉడికే పప్పు కొంచెం ఆలస్యం చేస్తుంది, కుక్కరే నయం.

మా నాన్న 1960ల్లో పార్వతీపురం నుంచి సునాబెడ వచ్చారు, మిగ్ యుద్ధవిమానాల ఇంజన్ల ఫ్యాక్టరీ మొదలైన కొత్తలో. అప్పటి చలి గురించి మా అమ్మ చెప్పే కథలు రాస్తే మీరు 18వ తేదీ దాకా కూడా ఆగరు, అందుకని రాయను. కానీ ఒకటి చెప్తాను. మాటకు ఎవరూ లేరన్నారు. 1936లో ఒరిస్సా వేరే రాష్ట్రమయ్యేదాకా ఈ ప్రాంతమంతా విశాఖపట్నం జిల్లాలోదే. బజారులో కిరాణా కొట్టువాడితో ఒడియాలో అవస్థ పడకుండా తెలుగులో అడిగి చూడండి. నాలుగు కొట్లలో రెండింట తెలుగే పలుకుతుంది.

ఇక్కడ చలికి హద్దులు జగన్నాథుడు పెడతాడు. మార్గశిర శుద్ధ షష్ఠి, అంటే మన సుబ్రహ్మణ్య షష్ఠి, వీళ్ళకి ఓఢణ షష్ఠి. ఆ రోజు నుంచి శ్రీపంచమి దాకా పూరీలో స్వామికి చలిబట్టలు కడతారు. దేవుడే శాలువా కప్పుకుంటుంటే మీవారు చన్నీళ్ళ స్నానం చేయడం ఏ శాస్త్రమో అడగండి.


మల్కాన్‌గిరి మాస్టారు
నవంబరు 29

మా దగ్గర ఇంత ఎత్తు లేదు, ఇంత చలీ లేదు. మీ పిండి ఇక్కడికి పంపితే పొంగించి పంపిస్తాను. దోమతెర మాట మాత్రం సిస్టర్ చెప్పినట్టు వినండి, నాకు కిందటేడు డిసెంబర్లోనే మలేరియా వచ్చింది.


పర్లాకిమిడి కోడలు
నవంబరు 30

పిన్నిగారూ, నేను పుట్టింది మచిలీపట్నంలో, మెట్టింది పర్లాకిమిడిలో. మధ్యలో మావారి ఉద్యోగం వల్ల నాలుగేళ్ళు ఆర్.ఉదయగిరి కొండ మీద ఉన్నాం. పిండి కోసం నేను ఏడ్చిన ఏడుపు మీరింకా ఏడవలేదు.

మీ పొరపాటు పిండిలో లేదు, వేళలో ఉంది. అక్కడ రాత్రి వెచ్చగా ఉండేది కాబట్టి రాత్రి రుబ్బేవాళ్ళం. ఇక్కడ వెచ్చగా ఉండేది పగలు. కాబట్టి పప్పు రాత్రి నానబెట్టి, పొద్దున ఎనిమిదింటికి రుబ్బండి. నానబెట్టేటప్పుడు చెంచాడు మెంతులు, రుబ్బేటప్పుడు గుప్పెడు అన్నమో అటుకులో వేయండి. గోరువెచ్చటి నీళ్ళతో రుబ్బి, చేత్తో బాగా కలిపి, మూతపెట్టి ఎండ తగిలే గదిలో పెట్టండి. సాయంత్రం నాలుగు దాటాక గిన్నెను బియ్యం డబ్బాలో దించి పైన కంబళి కప్పండి. రాత్రి ఎనిమిదికి చూడండి. పొంగితే సరే, లేకపోతే వేడినీళ్ళ గిన్నెలో అరగంట కూర్చోబెట్టండి. నేనైతే చలికాలం దోసెలు రాత్రి భోజనానికే వేసేదాన్ని, పొద్దున ఉప్మా. ఎవరూ చచ్చిపోలేదు.

పెరుగు కూడా పగలే. పాలు చెయ్యి కాలీకాలనంత వేడిగా ఉన్నప్పుడు మామూలు కంటే రెట్టింపు తోడు వేసి, హాట్‌బాక్సులో పోసి మూత పెట్టేయండి. మధ్యలో మూత తీసి చూడకండి. నాకు ఆ రోగం ఉండేది.

పొద్దున చోడి అంబలి కాచి వేడివేడిగా తాగండి, మీ వైపు రాగులంటారు. మీ దగ్గర సంతల్లో చోళ్ళు బోలెడు దొరుకుతాయి. కాళ్ళ పగుళ్ళకి పడుకునేముందు నువ్వులనూనె రాసి మేజోళ్ళు వేసుకోండి.

స్వెట్టర్లకి మా జిల్లాలో చంద్రగిరి దగ్గర టిబెటన్ల ఊళ్ళున్నాయి, 1960ల్లో వచ్చి స్థిరపడ్డారు. చలికాలం వచ్చిందంటే వాళ్ళు ఊళ్ళు తిరిగి ఉన్ని బట్టలు అమ్ముతారు. మీ బజారులో అలాంటి కొట్టు కనబడితే బేరం ఆడండి, కానీ మరీ కావలి బేరం ఆడకండి. లోపల ఒక బనీను, చొక్కా, దాని మీద పల్చటి స్వెట్టరు, ఇలా పొరలుగా వేస్తే ఒక్క లావు కోటు కంటే నయం, మధ్యాహ్నం ఎండకి ఒక్కోటీ విప్పుకోవచ్చు.

మనవడికి మాత్రం మరీ ఎక్కువ తొడిగేయకండి. చెమట పట్టి, అది చల్లారితే ఒళ్ళు ఇంకా వణుకుతుంది.


కావలి టీచరమ్మ
డిసెంబరు 6

ఆలస్యానికి ఏమనుకోవద్దు.

డాక్టరు కుంపటి మాట వినగానే కళ్ళజోడు తీసి మా ఇద్దరినీ ఒకసారి చూశాడు. ఆ చూపు నేను గుణింతాలు రాని పిల్లల వైపు చూసేదాన్ని. కుంపటి తీసేసిన రెండో రోజుకే తలనొప్పి లేదు. మావారి బీపీ ఎక్కువే ఉంది, మాత్ర మార్చారు. ఇప్పుడు ఎనిమిదిన్నరకు వేణ్ణీళ్ళ స్నానం. జగన్నాథుడి శాలువా మాట చెప్పాను. 'నేను శివుడి పార్టీ' అన్నారు కానీ బకెట్ దగ్గర మాత్రం మారు మాట్లాడలేదు.

మంచం మీద గోనెసంచులు, బొంత వేశాం. లారీ నాయనా, నువ్వు చెప్పింది ముమ్మాటికీ నిజం. ఇన్నాళ్ళూ మీద కప్పుకుంటూ కూర్చున్నాను.

పిండి మొదటి రోజు పొంగలేదు. బియ్యం డబ్బాలో పెట్టానని మర్చిపోయి కోడలు అన్నానికి బియ్యం తీయబోయి గిన్నె వంచేసింది. ఇద్దరం చెరో చేటా పట్టుకుని గంటసేపు బియ్యం బాగుచేశాం. ఈ ఇంటికి వచ్చాక ఆ అమ్మాయితో అంతసేపు కూర్చుని మాట్లాడింది అదే మొదటిసారి. రెండో రోజు రాత్రి ఎనిమిదికి గిన్నె అంచు దాకా వచ్చింది పిండి. అప్పుడే దోసెలు వేశాను. అబ్బాయి ఆరు తిన్నాడు.

పెద్దాయనగారూ, మీ లెక్క చదివాక ఆ ఘడియకు రోజూ గడియారం చూస్తున్నాను. ఇంకా తేడా కనబడలేదు, కానీ చూస్తున్నాను. ఇప్పుడు నాలుగున్నరకే పిల్లాణ్ణి తీసుకుని బజారుకు నడుస్తున్నాం, చీకటి పడేసరికి తిరిగొస్తాం. కొట్టువాడు తెలుగే. బొబ్బిలి వాళ్ళట. వాళ్ళావిడ పసుపుకొమ్ములు ఊరికే ఇచ్చింది.

పక్కింటావిడ అప్పుడే వాకిట్లో బియ్యప్పిండి నీళ్ళతో లక్ష్మీదేవి పాదాలు వేసింది. 'ఇంకా కార్తీకమే కదా' అన్నాను. వాళ్ళకి పున్నమి వెళ్ళగానే మార్గశిరం వచ్చేస్తుందట, మనకు అమావాస్య దాటాలి. మొన్న ప్రథమాష్టమికి పసుపాకుల్లో చుట్టి ఆవిరి మీద ఉడికించిన పిఠా పంపింది. మన మినప్పిండీ బియ్యప్పిండే, లోపల కొబ్బరి, బెల్లం. ఆకు వాసన ఇల్లంతా పట్టుకుంది. గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదు కదా, దోసెలు వేసి పంపుదామని ఉంది.

18వ తేదీ టికెట్లు ఇంకా రద్దు చేయలేదు. మావారు రోజూ అడుగుతున్నారు, నేను రోజూ రేపంటున్నాను.

పర్లాకిమిడి అమ్మాయీ, ఒక్క సందేహం. హాట్‌బాక్సులో పెరుగు తోడుకుంది కానీ తీగలు సాగుతోంది. తోడు ఎక్కువైందా, పాల వేడి ఎక్కువైందా?